తడిస్తే ఆగిపోయే బండి మీద కొల్లేటికి

“ఇంకొక్కసారి తన్నండి,” అన్నాను.

మా ఆయన కిక్కు మీద కాలు వేసి తన్నారు. ప్లగ్గు ఊడదీసిన కన్నంలోంచి ఇంజను ఉస్సుమని గాలి వదిలింది. ఆ ప్లగ్గు నా చేతిలో ఉంది. దానికి వైరు తగిలించి, ఇంజను తలకి ఆనించి పట్టుకుని, కొసన నిప్పురవ్వ పడుతోందో లేదో చూడమని నాకు పురమాయించారు.

“పడిందా?”

“పడినట్టే ఉందండీ.”

“ఉన్నట్టేమిటి కనకం? పడిందా, పడలేదా?”

“మీరు తన్నేటప్పటికి నా కళ్ళు మూసుకుపోతున్నాయి. మళ్ళీ తన్నండి.”

ఈసారి రెప్ప వెయ్యకుండా చూశాను. ఎర్రగా, వెంట్రుకంత సన్నగా ఓ రవ్వ మెరిసి పోయింది. చూశానన్న సంతోషంలో వేళ్ళు ఎక్కడికి జరిగాయో చూసుకోలేదు. మోచేతి దాకా ఝల్లుమంది. కెవ్వున అరిచి చెయ్యి విదిలించాను. ప్లగ్గు వైరు నుంచి ఊడి, ఎగిరి, రోడ్డు దిగువన వరిచేలో పడింది.

ఇంకో ప్లగ్గు మా దగ్గర లేదు.

కైకరం ఊరు కళ్ళ ముందే కనిపిస్తోంది. మేం మాత్రం చేలో మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తడుముతున్నాం. అప్పుడే కురిసి వెలిసిన జల్లుకు మట్టి మెత్తగా ఉంది. ఆ చేను తాలూకు రైతు గట్టు మీద నుంచి చూసి, పంచె ఎగ్గట్టి దిగొచ్చాడు.

“ఏం పోయిందమ్మా? ముక్కుపుడకా?”

“ప్లగ్గండీ.”

“అదేం నగండీ, నేనెప్పుడూ వినలేదు!”

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చివరికి అది ఆ రైతు కాలికే తగిలింది. తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, “నా చేలో పండింది కదా, ఉంచేసుకుందునా?” అని మా ఆయన మొహం చూసి, జాలిపడి ఇచ్చేశాడు. “పోనీ, ఎద్దుల్ని తెచ్చి కట్టమంటారేవండీ మీ బండికి?” అని కూడా అడిగాడు.

కాలవ నీళ్ళతో ప్లగ్గు కడిగి, నా చెంగుతో తుడిచి, దాని కొసన పట్టిన నల్లటి మసిని చాకుతో గీకి, ఎండలో ఆరబెట్టాం. బిగించి తంతే బండి పలికింది. “చూశావా, ప్లగ్గే!” అన్నారు మా ఆయన. నేను గోనె మడత మీద పక్కకి తిరిగి కూర్చుని, ఆయన నడుం పట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఎందుకింత తొందర

కొల్లేరు చూడనివాళ్ళకి ఈ ప్రయాణం గురించి చెబుదామని మొదలుపెట్టి, ముందే బురదలో దించేశాను. కాస్త వెనక్కి వెళతాను.

మా పుట్టిల్లు కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో దిబ్బ, దిబ్బ మీద ఇళ్ళు. మా వాళ్ళు చేపలు పట్టి బతుకుతారు. నేను ఐదో తరగతి చదివాను. ఆ పై చదువుకి పడవ ఎక్కి వెళ్ళాలి, మా నాన్న పంపలేదు. పెళ్ళయ్యాక తాడేపల్లిగూడెం వచ్చాను. మా ఆయనదీ కొల్లేటి ఊరే. గూడెంలో బియ్యం మిల్లులో ఆయిలింజను దగ్గర పనిచేస్తారు. మిల్లు కొట్లో మూల పడి ఉన్న చిన్న మోటారు సైకిలును షావుకారు గారి అనుమతితో బాగుచేసుకున్నారు. యుద్ధం అయ్యాక మిలటరీ వాళ్ళు అమ్మేసిన బండి అది. ఊడిపోయే ముక్కలన్నీ మా ఆయన వలదారంతో కట్టేశారు. మా వైపు ఏది ఊడినా వలదారమే. చిక్కంతాడు తెగినా, మంచంకోడు కదిలినా, గొడుగు పుల్ల విరిగినా అంతే.

ఆ రోజు పొద్దున్న, మర్నాడు మా చెల్లెలు ముత్యానికి తాంబూలాలని, మిల్లు పని వల్ల మేం వెళ్ళలేకపోతున్నామని మా పక్కింటి రాజమ్మతో చెప్పాను. రాజమ్మ బజార్లో ఆకుకూరలు అమ్ముతుంది. నాకంటే పెద్దది. మొగుడు వదిలేసి వెళ్ళి ఏళ్ళయింది.

“పిల్లాడు ఎవరే?” అంది.

“ఆకివీడులో చేపల కొట్టు. వీరాస్వామి అని. ఎడమ కంటి కింద పుట్టుమచ్చట, ముత్యం మురిసిపోతోంది.”

రాజమ్మ తోటకూర కట్ట కింద పెట్టేసింది. ఎడమ చెయ్యి నా ముందు చాపింది. ముంజేతి మీద పచ్చబొట్టు, చిలక. దాని ముక్కున సగం జాంపండు.

“నన్ను వదిలేసినాయనదీ అదే పేరు, అదే మచ్చ. ఇది తీర్థంలో ఇద్దరం పొడిపించుకున్నాం. రెండో చిలక, మిగతా సగం పండూ ఆయన కుడిచేతి మీద ఉన్నాయి. చేతులు పక్కపక్కన పెడితే పండు కలుస్తుంది.”

మాలో మొగుడూ పెళ్ళామూ పొసగకపోతే కులపెద్దల ముందు కూర్చుని, చెప్పుకుని, విడిపోవచ్చు. ఆ పైన ఎవరి దారి వాళ్ళది, అందులో సిగ్గూ లేదు. రాజమ్మకి అలాంటిదేమీ జరగలేదు. చెప్పకుండా పోయాడు, అంతే.

“అక్కా, నువ్వొచ్చి చెప్పు,” అన్నాను.

“నేను రాను. నాకతను అక్కర్లేదు. ఆకివీడులో ఒక్కడే వీరాస్వామి ఉంటాడా? ఆ చెయ్యి చూడకుండా నోరు జారకు. చూసి, మీ పిల్లని కాపాడుకో.”

ఆ మాట నిజం. తాంబూలాలు పుచ్చుకున్నాక కాదంటే మా లంకలో పెద్ద తగువు. పుచ్చుకోకముందు ఊరికే నింద వేస్తే అంతకంటే పెద్ద తగువు. మర్నాడు పొద్దు వాలేలోగా నేను లంకలో ఉండాలి, ఆ కుడిచెయ్యి చూడాలి. మా లంకకి తంతి వెళ్ళదు. రైలెక్కితే ఏలూరు చేరతాం కానీ, అక్కణ్ణించి కొల్లేటి గట్టుకి ఎడ్లబండే దిక్కు. అది చేరేసరికి తాంబూలాలు అయిపోతాయి. మా ఆయన మిల్లులో సెలవడిగి వచ్చి, “బండి మీద పోదాం,” అన్నారు.

ఏలూరు

కైకరం దాటాక బండి హాయిగా నడిచింది. భీమడోలులో ఆగి ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ చేసే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “ఆ గుర్రం మీద కూర్చుంటే భయం వెయ్యదా అమ్మా?” అంది. “నడిచేటప్పుడు భయం లేదండీ, ఆగితేనే భయం,” అన్నాను. అణా ఇస్తే రెండు ఇడ్లీలతోపాటు అల్లం పచ్చడి అడిగినంత వేసింది. గూడెంలో రెండోసారి పచ్చడి అడిగితే మొహం చిట్లిస్తారు.

ఏలూరు పొలిమేరలోకి వచ్చేసరికి సాయంత్రమైంది. కాలవ మీంచి మంచు పొగలా లేస్తోంది. వంతెన ఎక్కామో లేదో బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

వంతెన మీద నుంచి దాన్ని తోసుకుంటూ జోసెఫ్ గారి షెడ్డుకి వెళ్ళాం. జోసెఫ్ గారు మిలటరీలో లారీలు బాగుచేసిన మనిషి, మా ఆయనకి ఎరిక. షెడ్డులో ఒక పక్క కొలిమి మండుతోంది. బండిని దాని పక్కనే పెట్టించారు. ఇంజను పక్క మూత విప్పి, లోపల చూసి, నాలుక చప్పరించారు.

“నిప్పు ఎర్రగా పడుతోందన్నావు కదమ్మా? నీలంగా పడాలి. ఇదుగో, ఈ రెండు చిన్న ముక్కలూ పాయింట్లు. ఇవి కలిసి విడిపోయినప్పుడల్లా అక్కడ ప్లగ్గు దగ్గర రవ్వ పుడుతుంది. ఆ నిప్పు ఇక్కడే కాలిపోకుండా కాపలా కాసేది ఈ రేకు డబ్బీ. కండెన్సరు. ఇది పోయింది.”

“కచ్చితంగా అదేనాండీ?” అన్నాను.

“నా మీద నమ్మకం లేదా తల్లీ?”

“మీ మీద ఉందండీ. డబ్బీ మీదే లేదు.”

జోసెఫ్ గారు పడీపడీ నవ్వారు. ఏదో పాత ఇంజనులోంచి తీసి దాచుకున్న కండెన్సరు వేసి తన్నారు. ఒక్క తన్నుకి బండి పలికింది! నీలం రవ్వ చూపించారు కూడా. నాకు గుండెల మీంచి రాయి దింపినట్టయింది.

ఆ రాత్రి మా ఆయన మేనత్తగారింట్లో బస. వాళ్ళ వీధిలో తివాచీలు నేస్తారు. వాకిట్లో మగ్గం నిలబెట్టి ఉంటుంది, మా లంకలో వలలు ఆరేసినట్టు రంగురంగుల ఉన్ని దారాలు వేలాడుతుంటాయి. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు కాళ్ళకి నీళ్ళిచ్చి, ఆ తరవాత కూరలో చేప ఏదో చెబుతాం. ఏలూరులో ముందు “కాఫీయా, మజ్జిగా?” అని అడుగుతారు. కాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. నా కాళ్ళకి కైకరం బురద ఇంకా ఉంది. అత్తయ్యగారు కందిపొడి, నెయ్యి వేసి అన్నం పెట్టారు. నేను కలిపిందే కలుపుతున్నాను. రాజమ్మ చెయ్యే కళ్ళ ముందు ఆడుతోంది.

“ఏమ్మా, కందిపొడి నచ్చలేదా?” అన్నారావిడ.

“నచ్చిందండీ. కడుపులో ఇంకా మోటారు తిరుగుతోంది,” అన్నాను.

మంచులో

మార్గశిరంలో ఏలూరు తెల్లవారడం మీరు చూడాలి. ఎదురింటి మగ్గం కూడా కనిపించలేదు, అంత మంచు. బండిని రాత్రి వాకిట్లోనే ఉంచాం. దాని మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయి.

మా ఆయన తన్నారు. పలకలేదు. చొక్కా విప్పి తన్నారు. మేనత్తగారి కొడుకు తన్నాడు. తివాచీ నేసే ఆయన వచ్చి, “ఓ తన్ను నన్నూ తన్ననివ్వండి,” అని సరదాగా తన్నాడు. బండి మౌనవ్రతం.

“జోసెఫ్ గారి దగ్గరికి తోసుకుపోదామా?” అన్నాను.

“ఆయన ఇంత పొద్దున్నే రారు. పాయింట్లు చూస్తాను.”

మూత విప్పి, అగ్గిపెట్టె పక్క చింపి, ఆ గరుకు కాగితంతో పాయింట్లు రుద్దారు. వాటి మధ్య ఎంత సందు ఉండాలో గోరు పెట్టి చూశారు. బిగించారు, మళ్ళీ విప్పారు. నేను పక్కనే కూర్చుని మరలు పట్టుకున్నాను. ఒకటి కాలవ తూములో పడకుండా కాలితో ఆపాను. ఆయనతో మాట్లాడితే కసురుకుంటున్నారు, మాట్లాడకపోతే నాకు ఊపిరాడదు. ఎండ అరుగు మీదికి వచ్చింది, బండి మీదికి వచ్చింది. ముత్యం ఈపాటికి తలంటుకుని ఉంటుంది.

ఆఖరికి పలికింది.

“పాయింట్లే,” అన్నారు మా ఆయన.

నిన్న ప్లగ్గే అన్నారు. సాయంత్రం డబ్బీయే అన్నారు జోసెఫ్ గారు. ఇప్పుడు పాయింట్లు. మేనత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టి ఎక్కి కూర్చున్నాను.

గట్టు మీద

ఏలూరు నుంచి దక్షిణంగా దిగిన కొద్దీ చెట్లు తగ్గిపోతాయి, ఆకాశం పెరుగుతుంది. చేలు, ఆ పైన తుంగ, ఆ పైన నీళ్ళు. గట్టు మీద బండి దారి ఒకటే, రెండు బళ్ళు ఎదురైతే ఒకటి దిగాల్సిందే. రెండు పక్కలా నీళ్ళలో కొంగలు. మా ఊరి వాసన, పచ్చి నీళ్ళు, ఎండు చేప, కాల్చిన తుంగ కలిసి, ముక్కుకు తగిలేసరికి నాకు కళ్ళు చెమర్చాయి.

గాలి కొల్లేటి మీంచి తిరిగింది. చినుకుల్లాంటి తడి మొహాన కొడుతోంది.

బండి దగ్గింది.

“వద్దు, వద్దు, వద్దు,” అన్నాను నేను.

ఆగిపోయింది.

అక్కడ సోమయ్య తాత అని ఒకాయన, నావని గట్టు మీద బోర్లించి, చెక్కల సందుల్లో గుగ్గిలం పూస్తున్నాడు. గుగ్గిలం, నూనె కలిపి కుండలో కాచి, వేడివేడిగా పూస్తే నావలోకి నీళ్ళు రావు. మా నాన్న పూస్తుంటే చిన్నప్పుడు ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకున్నానో.

“తాతా, మా లంకకి దింపుతావా?” అన్నాను.

“నావ బోర్లా ఉంది, చూడవూ? రెండ్రోజులు ఆరాలి. రేవు పడవ గట్టు చివర ఉంటుంది. పొద్దు ఇంకాస్త దిగితే అదీ కదిలిపోద్ది.” చుట్ట తీసి నీళ్ళ వైపు చూపించాడు. “మీ లంకకే కాబోలు, ఆకివీడు వైపు నుంచి నావలు పోతున్నాయి. డోలు కూడా వినిపించింది.”

దూరంగా తెరచాపలు రెండు. ఎండలో తెల్లగా, తొందర లేనట్టు పోతున్నాయి. గట్టు చివర దాకా నడిస్తే రేవు పడవ అందదు.

మా ఆయన ప్లగ్గు విప్పబోతున్నారు. “ఆగండి,” అన్నాను. “అది నిన్న చూశాం కదా. డబ్బీ మార్చాం, పాయింట్లు రుద్దాం. ఏది చేసినా పలికింది, మళ్ళీ ఆగింది. ఎప్పుడు ఆగింది? కైకరం దగ్గర జల్లు పడితే ఆగింది, వంతెన మీద మంచుకి ఆగింది, పొద్దున్న మంచుకి పలకలేదు. ఎప్పుడు పలికింది? ఎండ వచ్చాక, కొలిమి పక్క పెట్టాక. అది మనం బాగుచేస్తే పలకలేదండీ. ఆరితే పలికింది.”

ఆయన ప్లగ్గు మీద చెయ్యి అలాగే ఉంచి నన్ను చూశారు.

“అయితే తడి ఎక్కడికి పోతోందంటావు?”

“అది నాకేం తెలుసు? తన్నండి, చూద్దాం.”

నేను ట్యాంకు కింద చెయ్యి పెట్టి వంగాను. ఆయన తన్నారు. మళ్ళీ ఝల్లుమని కొట్టింది. ఈసారి అరవలేదు, ఆశ్చర్యపోయాను. ప్లగ్గు దగ్గర కొట్టడం సరే. నా చెయ్యి ప్లగ్గుకి జానెడు దూరంలో, వైరుని ఇనపచట్టానికి కట్టిన వలదారం ముడి మీద ఉంది. ఇక్కడెందుకు కొట్టాలి?

“తాతా, నీ గొంగళి ఒకసారి ఇవ్వు!”

“చలేస్తోందా?”

“చీకటి కావాలి!”

గొంగళి బండి మీదా నా మీదా కప్పేసుకుని, లోపల ముడుచుకుని కూర్చున్నాను. పెట్రోలు కంపు, గొర్రె కంపు, నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది. బయట మా ఆయన కాలు వేసి తన్నారు. చీకట్లో, ఆ ముడి చుట్టూ, సన్నటి నీలం దారాలు పాకాయి. వైరు నుంచి దారంలోకి, దారం నుంచి ఇనుములోకి.

“దొరికిందండీ! మీ ముడే!”

నిప్పు ఇక్కడే కారిపోతుంటే ప్లగ్గు దాకా ఏం చేరుతుంది? వలదారం బిగించిన చోట వైరు రబ్బరు కోసుకుపోయింది. వలదారం గుణం మీకు తెలియదేమో, నీళ్ళు తాగితే ఇంకా బిగుస్తుంది, తడి ఒదలదు. చేపల వాళ్ళం కదా, బిగిసే కొద్దీ మంచిదనుకున్నాం. మా ఆయన చాకు తీసి ముడి కోసేశారు.

వైరు తుడిచి, తాత పొయ్యి సెగకి ఆరబెట్టాం. కోసుకుపోయిన చోట లోపలి రాగి తీగ కనిపిస్తోంది. కట్టడానికి ఏముంది? ఏది కట్టినా తడుస్తుంది. నా కళ్ళు తాత కుండ మీద పడ్డాయి. ఏడాది పొడుగునా నీళ్ళలో ఉండే నావలోకి నీళ్ళు రానివ్వనిది, ఒక వైరులోకి రానిస్తుందా?

“తాతా, కాస్త గుగ్గిలం.”

“దీనికా? ఇదేమన్నా నీళ్ళలో పోద్దా?”

“ఇవాళ దాకా నీళ్ళలోనే పోయింది తాతా, మాకు తెలియలేదు.”

తాత నవ్వుతూ పుల్లతో తీసి ఇచ్చాడు. వైరు చుట్టూ మందంగా పూసి, ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. ఇనుముకి తగలకుండా మధ్యలో ఎండు తాటి మట్ట ముక్క ఒకటి దోపాం. తెరచాపలు అప్పటికి చుక్కల్లా అయిపోయాయి. ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని తన్నమన్నాను. పలికింది. గాలి తడిగానే వీస్తోంది, బండి మాత్రం ఆగలేదు. రేవు పడవ తాడు విప్పుతుండగా, “ఆగండి! ఆగండి!” అని గట్టు చివరి దాకా నేను అరుస్తూనే ఉన్నాను.

లంకలో

మా ఇంటి ముందు చాపలు పరిచి ఉన్నాయి. మా నాన్న, కులపెద్ద, ఆకివీడు వాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. పళ్ళేల్లో చీర, పసుపు, కుంకుమ, అరటిపళ్ళు. తాంబూలాలు ఇంకా మారలేదు. పిల్లాడు మధ్యలో ఉన్నాడు. ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు.

ముత్యం గుమ్మం వెనక నుంచి నన్ను చూసి మొహమంతా వెలిగిపోయింది. “అక్కా! వచ్చావుటే! ఏమిటా మసి?” దాన్ని పట్టుకుంటే చెయ్యి వేడిగా ఉంది.

మా లంకలో ఒక ఆచారం ఉంది. తాంబూలాలు మారే ముందు పిల్ల అక్క వెళ్ళి మగపెళ్ళి వాళ్ళ చేతులకి గంధం రాయాలి. వేరే ఊళ్ళలో అరచేతి వెనక చుక్క పెట్టి ఊరుకుంటారు. మేం ముంజేయి పొడుగునా రాస్తాం. అప్పటిదాకా ఆ పని మా పిన్ని చేతిలో ఉంది. గిన్నె నేను తీసుకున్నాను.

“ఒళ్ళు కడుక్కుని రావే!” అంది పిన్ని.

“గంధం చల్లగా ఉంది పిన్నీ, అదే కడుగుతుంది,” అని ముందుకి నడిచాను.

పెద్దవాళ్ళకి రాశాను. అతని ముందు కూర్చున్నాను.

“మరిదిగారూ, చెయ్యి.”

ఎడమ చెయ్యి చాపాడు.

“కుడిచెయ్యి ఇవ్వండి. శుభమా అని ఎడమ చెయ్యి ఇస్తారేమిటి?”

చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. అరచెయ్యి ఒక్కటే చాపాడు.

“గుండీ తియ్యండి. గంధానికి చొక్కా పాడవుద్ది.”

“పరవాలేదండీ, ఇక్కడే కాస్త రాయండి.”

“మా ఊళ్ళో ఇంత ఖరీదైన చొక్కాలు ఉండవు, పాడుచేస్తే మా నాన్న నన్ను తిడతారు,” అంటూ నేనే గుండీ తీసి చెయ్యి పైకి తోశాను.

చిలక. ముక్కున సగం జాంపండు.

ఏదేదో చెప్పాలని రెండ్రోజులుగా అనుకుంటున్నాను. అంత వాగుడుకాయని, ఒక్కటే మాట వచ్చింది.

“ఈ చిలక జత తాడేపల్లిగూడెంలో ఉందండీ.”

అతను చెయ్యి లాక్కున్నాడు. గంధం గిన్నె ఒరిగిపోయింది. కులపెద్ద ముందుకు వంగి, “ఏమయ్యా, ఏమిటిది?” అన్నాడు.

“అది పాత పెళ్ళి సంగతండీ.”

“పాతదో కొత్తదో. పెద్దల్లో కూర్చుని తెంపుకున్నారా?”

అతను తల దించుకుని మణికట్టు గుండీ పెట్టుకోసాగాడు. ఆకివీడు పెద్దలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళకీ తెలియదనుకుంటాను, వాళ్ళలో ముసలాయన తల పట్టుకుని, “మా పరువు తీశావురా,” అన్నాడు. మా నాన్న మా పళ్ళెం వెనక్కి తీసుకున్నారు. వాళ్ళు వాళ్ళ పళ్ళెం తీసుకున్నారు. ఎవరూ అరవలేదు. దీపాలు పెట్టకముందే నావలు రేవు వదిలాయి. ఈసారి డోలు మోగలేదు.

ఇంట్లో ముత్యం చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. దాని పక్కన కూర్చుని రాజమ్మ సంగతి అంతా చెప్పాను. వింది. నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. పలకలేదు, అంతే. మా నాన్న బయట కూర్చుని మా ఆయనతో బండి గురించి ఏదో అడుగుతున్నారు. వేరే మాట ఆయనకి దొరకలేదు పాపం.

తెల్లారి

మా లంకలో ఆడవాళ్ళంతా పొద్దున్నే ఒకే రేవుకి నీళ్ళకి వెళతారు. ఆ రోజు అక్కడ ఏ మాట నడుస్తుందో నాకు తెలుసు. ముత్యానికీ తెలుసు. అందుకే లేవలేదు. ఇవాళ వెళ్ళకపోతే రేపూ వెళ్ళదు. రెండు బిందెలు తీసి, ఒకటి దాని చంకన పెట్టి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

మేం మెట్లు దిగేసరికి రేవంతా గప్‌చిప్. మంగాయమ్మ పిన్ని గొంతు సవరించుకుంది.

“ఏమే కనకం, ఆ పిల్లాడు...”

“పిన్నీ, ప్లగ్గు అంటే ఏమిటో తెలుసా నీకు?” అన్నాను.

“ఏంటీ?”

ఇక ఆగలేదు. ప్లగ్గు చెప్పాను. కైకరం చేలో ముక్కుపుడకలా దాన్ని వెతికింది చెప్పాను. పాయింట్లు అంటే ఏమిటో రెండు గవ్వలు పట్టుకుని చూపించాను. జోసెఫ్ గారిలా నాలుక చప్పరించాను. ఎవరికీ మధ్యలో మాట దూర్చే సందు ఇవ్వలేదు. వలదారం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు బిందెలు ముంచడం మానేసి చుట్టూ చేరారు. “అయితే మా ముళ్ళన్నీ నిప్పు కారేవేనంటావా?” అని మంగాయమ్మ పిన్ని అడిగితే రేవు రేవంతా నవ్వింది.

నీళ్ళలో మోకాలి లోతున నిలబడ్డ ముత్యం నవ్వలేదు. బిందె ముంచుతూ ఆగి, నా వైపు తిరిగింది.

“అక్కా, గొంగళి కింద నీకు భయం వెయ్యలేదా?”

నిన్న సాయంత్రం నుంచి అది ఆడిన మొదటి మాట.

“చచ్చేంత వేసిందే. విను,” అని, నిండిన బిందె మెట్టు మీద దించి, దాని కోసం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.